పాత వ్యానులో పెట్రోలు వాసన మామూలు విషయం కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. తన పాత వ్యానులో ట్యాంకు నిండుగా కొట్టించిన ప్రతిసారీ లోపల పెట్రోలు వాసన వస్తోందని ఆయన రాశారు. పాత బండ్లలో కొంత వాసన సహజమేనని, మూత కింద వాషరు మార్చుకుంటే సరిపోతుందని జవాబు వచ్చింది. ఇదే మాట నేను నాలుగేళ్లలో ముగ్గురు మెకానిక్‌ల నోట విన్నాను, నమ్మాను. నేను నమ్మినందుకు మా అమ్మ ఇబ్బంది పడింది. ఆ పాఠకుడి ఇంట్లో అలా జరగకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను. వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా వ్యాను నాన్న కొన్నది. ముప్పై ఏళ్లు దాటింది. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. అందులో పెట్రోలు ట్యాంకు ముందు సీట్ల కింద, నేల రేకుకు దిగువన, వెడల్పుగా పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. అమ్మ ఎప్పుడూ నా పక్క సీట్లోనే కూర్చునేది. కూర్చున్న అరగంటకు తలనొప్పి మొదలయ్యేది, తర్వాత కడుపులో తిప్పేది. రెండుసార్లు దారి పక్కన ఆపి వాంతి చేసుకుంది. "అమ్మకు బండి పడదు" అని మేమే తేల్చేశాం. బస్సులో ఆమెకు ఏమీ అయ్యేది కాదన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. చివరికి ఆమే, "నువ్వెళ్లిరా తల్లీ, నేను ఇంట్లో ఉంటాను" అనడం మొదలుపెట్టింది. ఎక్కడికీ రావడం మానేసింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ మాటే.

లోపం ఎక్కడుందో బండి మొదటి నుంచీ చెబుతూనే ఉంది. ట్యాంకు సగం ఉన్నప్పుడు వాసన ఉండదు. నిండుగా కొట్టించిన రోజు, ఆ మర్నాడు ఉంటుంది. ఎండలో ఆపి వచ్చి తలుపు తీస్తే గుప్పుమంటుంది. ఇంకొకటి, పెద్ద కుడి మలుపు తిరిగినప్పుడల్లా వాసన పెరుగుతుంది, ఎడమ మలుపులో పెరగదు. కుడికి తిరిగితే ట్యాంకులో పెట్రోలు ఎడమ వైపుకు ఎగబాకుతుంది. అంటే కారేది ట్యాంకు పైభాగంలో, ఎడమ వైపున. ఇంత తేలికైన లెక్క నాకు నాలుగో ఏడుకు గానీ అందలేదు. ఆ పాఠకుడికి నా మొదటి విన్నపం ఇదే. వాసన వస్తోందని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ట్యాంకు ఎంత నిండినప్పుడు వస్తోంది, ఎటు తిరిగితే వస్తోంది, ఎండలోనా నీడలోనా, ఒక కాగితం మీద రాసి మెకానిక్ చేతిలో పెట్టండి. ముడి సగం అక్కడే విడిపోతుంది.

మొదటి మెకానిక్ మూత మార్చాడు. రెండో అతను పెట్రోలు పోసే గొట్టం మార్చాడు. రెండూ పాతబడ్డ సరుకే కాబట్టి అందులో తప్పు పట్టను. మూడో అతను చేసినదే ప్రమాదకరమైన పని. వాసన ట్యాంకుకు గాలి వచ్చిపోయే గాలి గొట్టంలోంచి వస్తోందని, ఆ గొట్టం కొసలో ఒక బోల్టు దూర్చి క్లిప్పు బిగించేశాడు. "ఇక వాసన రాదమ్మా" అన్నాడు. నిజంగానే వారం రోజులు రాలేదు. ఆ తర్వాత గంట సేపు ఆగకుండా నడిపితే ఇంజను ఎగశ్వాస తీసినట్టు జంకడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోవడం మొదలైంది. బంకులో మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి లాక్కునేది. పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలుగా నడిచేది. పంపు పోయిందన్నారు, ఫిల్టరు అన్నారు. అవన్నీ మార్చే దాకా వచ్చాక గుర్తొచ్చింది, ఆ బోల్టు.

ట్యాంకుకు ఊపిరి కావాలన్న సంగతి చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. పది లీటర్లు కాలిపోతే ఆ ఖాళీలోకి పది లీటర్ల గాలి రావాలి. రాకపోతే లోపల శూన్యం పెరిగి పంపు పెట్రోలును లాగలేకపోతుంది. పలచటి రేకు ట్యాంకులైతే లోపలికి సొట్టబోతాయి కూడా. ఇది ఒక వైపు. రెండో వైపు, ఎండ. పెట్రోలు ఒక్కో డిగ్రీ సెల్సియస్ వేడికి దాదాపు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. బంకులో నేల కింది ట్యాంకులోంచి చల్లగా వచ్చిన 60 లీటర్ల పెట్రోలు ఎండలో మరో 20 డిగ్రీలు వేడెక్కితే లీటరుకు పైగా పెరుగుతుంది. ఆ లీటరు ఎక్కడికి పోవాలి? పైన ఆవిరి ఒత్తిడి వేరే. వీటన్నిటికీ దారి ఇవ్వడానికే ట్యాంకు పైన వెంట్ వాల్వులు, వాటి నుంచి గొట్టాలు, కొన్ని వ్యాన్లలో ముందు చక్రాల గూళ్లలో దాగి ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు పెట్టారు. పెరిగిన పెట్రోలు ఆ డబ్బాల్లోకి ఎక్కి, చల్లబడ్డాక తిరిగి ట్యాంకులోకి దిగుతుంది. ఇందులో ఏ గొట్టానికి బిరడా పెట్టినా ఊపిరి మూసినట్టే. బిరడా పెట్టిన చోట ఆగిన ఒత్తిడి, బలహీనంగా ఉన్న మరో సీలు దగ్గర బయటపడుతుంది. మా బండిలో అదే జరిగింది. బోల్టు పెట్టాక వాసన వారం ఆగి, తర్వాత మునుపటికంటే ఎక్కువైంది.

ఆ వెంట్ వాల్వు చూడటానికి అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క. కానీ అది చేసే పని పెద్దది. బండి నిటారుగా ఉన్నంతసేపూ గాలిని పోనిస్తుంది. బండి పల్టీ కొడితే లోపలి గుండు దాని బరువుకు అదే జారి దారి మూసేస్తుంది, పెట్రోలు బయటకు కారకుండా. ప్రమాదం జరిగిన క్షణంలో పనిచేయాల్సిన వస్తువు అది. ముప్పై ఏళ్లుగా దాన్ని ఎవరూ తాకలేదు, కనీసం చూడలేదు. ఎందుకంటే అది ట్యాంకు నెత్తిన ఉంటుంది, ట్యాంకు దించితే తప్ప చెయ్యి వెళ్లదు. ట్యాంకు దించడం కష్టమని అందరూ దిగువ నుంచి అందే వాటినే మార్చి పంపించేస్తారు. నొప్పి ఒక చోట, మందు ఒక చోట.

చివరికి నాన్నకు తెలిసిన ఒక పెద్దాయన, పని మానేసి ఇంట్లో ఉంటున్న మెకానిక్, ఒప్పుకున్నాడు. నేను ఆయన్ను బాబాయ్ అంటాను. నేను రాసిచ్చిన కాగితం చదివి, కుడి మలుపు మాట దగ్గర వేలు పెట్టి, "ఎడమ వాల్వు కింద రబ్బరు పోయిందమ్మా. అది పోయిందంటే రెండోదీ పోయినట్టే. రెండూ ఒకే రోజు పుట్టినవి. ట్యాంకు దించుదాం" అన్నాడు. ఇంకో షరతు పెట్టాడు. ట్యాంకు అడుగంటే దాకా బండి నడిపి తీసుకురమ్మన్నాడు. నిండు ట్యాంకుతో పని మొదలుపెడితే బరువుకు బరువు, కారేదానికి కారేది.

ఆ రోజు ఆయన తీసుకున్న జాగ్రత్తలు ఇక్కడ రాయకపోతే ఈ ఉత్తరం రాసి ఉపయోగం లేదు. ఇది చదివి ఎవరైనా సొంతంగా మొదలుపెట్టవచ్చు కదా. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలనంటుకుని పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, అంటుకోగలదు. చలి దేశాల మంచులో సైతం, సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉన్నా, నిప్పురవ్వకు అంటుకునేంత ఆవిరి పెట్రోలు మీద లేస్తుంది. అందుకే బాబాయ్ బండిని, మెకానిక్‌లు కిందికి దిగి పనిచేసే గుంట మీద పెట్టనివ్వలేదు, షెడ్డులో పెట్టనివ్వలేదు. ఆరుబయట చదును నేల మీద పెట్టించాడు. బ్యాటరీ మైనస్ తీగ ముందే విప్పించాడు. ఫోన్లు దూరంగా పెట్టించాడు. వైరు లాగి వేలాడదీసే బల్బు వద్దన్నాడు, అది పగిలితే చాలని. మంటలు ఆర్పే పొడి సిలిండరు చెయ్యి అందేంత దూరంలో పెట్టాకే పానా పట్టాడు. మిగిలిన పెట్రోలును చేతి పంపుతో ఇనుప క్యానులోకి తీశాడు, క్యానుకూ ట్యాంకుకూ మధ్య ఒక తీగ కలిపి. ప్రవాహానికి పుట్టే విద్యుత్తు రవ్వ ఎగరకుండా ఆ తీగ. నోటితో లాగి పెట్రోలు తీసే అలవాటు కొందరికి ఉంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకు వస్తుంది. దయచేసి మానండి.

పెట్రోలు తీసేశాక నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మాత్రం, "ఇప్పుడే ఎక్కువ భయపడాలి" అన్నాడు. నిండు ట్యాంకులో గాలి ఉండదు. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి, పేలడానికి కావలసినవి రెండూ. ఖాళీ ట్యాంకుకు వెల్డింగు పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గురించి ఆయన చెప్పిన సంగతులు ఇక్కడ రాయను. ట్యాంకు దగ్గర వెల్డింగు, గ్రైండరు, డ్రిల్లు మాట ఎత్తవద్దు, అంతే.

ట్యాంకు కింద వెడల్పు చెక్క, చెక్క కింద జాకీ పెట్టి, పట్టీల బోల్టులు విప్పి, ఒక్కసారిగా దించకుండా జానెడు దించి ఆపాడు. అప్పటికి గొట్టాలు ఇంకా తగిలే ఉంటాయి. ఏ గొట్టం ఎటు పోతోందో నాచేత కాగితం మీద బొమ్మ గీయించాడు, ఒక్కోదానికీ రంగు దారం కట్టించాడు. పాత గొట్టాలను లాగలేదు, బ్లేడుతో నిలువుగా చీల్చి తీశాడు. లాగితే ప్లాస్టిక్ ముక్కులు విరుగుతాయి. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ పెంకులా ఉంటుంది. ఆ ముక్కులు విరిగితే చక్రాల గూళ్లలోని డబ్బాలే మార్చాలి, అవి దొరకడం గగనం.

ట్యాంకు నేల మీదకు వచ్చాక నేను చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పైభాగమంతా వేలు మందాన దుమ్ము. కుడి వైపు దుమ్ము పొడిగా, లేత రంగులో ఉంది. ఎడమ వైపు వాల్వు చుట్టూ మాత్రం అరచేయంత మేర నల్లగా తడిసి, ముద్దకట్టి ఉంది. ఆ ముద్దలోంచి ఒక గీత ట్యాంకు అంచు దాకా పోయింది. అంచు దాటి చూస్తే సరిగ్గా అమ్మ కాళ్లు పెట్టుకునే చోటికి దిగువన. బాబాయ్ ముందు బ్రష్షుతో దుమ్మంతా ఊడ్చి, గుడ్డతో తుడిచాకే వాల్వు మీద చెయ్యి వేశాడు. లేకపోతే ఆ మట్టి అంతా ట్యాంకులో పడుతుంది. వాల్వు మెడ పట్టి కాస్త కదిపితే చాలు, ఊడి వచ్చేసింది. దాని కింద ఉండాల్సిన రబ్బరు సీలు రాలేదు. వేలితో నొక్కితే బొగ్గు ముక్కలా మూడుగా విరిగింది. లోపలి అంచున ఉండాల్సిన మెత్తదనం లేదు, గాడి లేదు, చుట్టూ బీటలు. కుడి వైపుది విరగలేదు గానీ వేలి గోరుతో గీస్తే పొడి రాలింది. రేపో మాపో దానిదీ అదే గతి.

ఆ మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అమ్మ నాలుగేళ్ల తలనొప్పి అంతా ఆ ముక్కల్లో ఉంది. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. రోజూ పీలుస్తూ కూర్చోవలసిన గాలి కాదది. మీ జవాబులో సహజమే అన్న మాట నాకు ఎందుకు గుచ్చుకుందో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. సీళ్లు మార్చాం. మూడు వారాలకు మళ్లీ వాసన!

ఈసారి తప్పు బండిది కాదు, మెకానిక్‌దీ కాదు. ఆ రబ్బరు రింగులు నేనే విడిభాగాల షాపులో కొన్నాను. కొలత సరిగ్గా ఉంది, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ప్యాకెట్ మీద నంబరు తప్ప అది ఏ రబ్బరో ఎక్కడా లేదు. షాపులో అడిగితే "రబ్బరే మేడమ్" అన్నారు. బాబాయ్ రెండోసారి ట్యాంకు దించాడు. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. చూస్తే రింగులు నానిన శనగల్లా ఉబ్బి, గాడిలోంచి బయటకు ఉబికి, మెత్తగా అయిపోయి ఉన్నాయి.

రబ్బరు అంతా ఒకటి కాదు. చూపుకు అన్నీ నల్లగానే ఉంటాయి. ఈపీడీఎం అనే రబ్బరు నీళ్లకు, ఎండకు, బ్రేకు ద్రవానికి బ్రహ్మాండంగా ఆగుతుంది. పెట్రోలులో పెడితే ఉబ్బిపోతుంది. సహజ రబ్బరుదీ, సిలికాన్‌దీ అదే దారి. పెట్రోలుకు ఆగేది నైట్రైల్. దానికంటే బాగా ఆగేది ఫ్లోరో రబ్బరు, ఎఫ్‌కేఎం అంటారు, వైటాన్ అన్న బ్రాండ్ పేరుతో మెకానిక్‌లకు తెలుసు. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్న ఈ రోజుల్లో ఎఫ్‌కేఎం వేయడమే మేలని నా అభిప్రాయం. మా వ్యాను తయారైన కాలపు రబ్బర్లను ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేయలేదు.

షాపు వాళ్ల మాట మీద మళ్లీ నమ్మకం పెట్టుకోదలచలేదు. ఈసారి అవసరానికి మించి రెండు రింగులు ఎక్కువ కొన్నాను. ఒక గాజు సీసాలో వేలెడు పెట్రోలు పోసి, పాత షాపు రకానిదే వాడని రింగు ఒకటి, కొత్త ఎఫ్‌కేఎం రింగు ఒకటి వేసి, మూత బిగించి, ఇంటికి దూరంగా నీడలో పెట్టాను. రెండు రోజుల తర్వాత తీసి నాన్న వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచాను. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న పాత షాపు రింగు ఐదు దాటింది, పక్కన పెడితే మరో సైజు రింగేమో అనిపించేంత తేడా. ఎఫ్‌కేఎం రింగులో నా కంటికి మార్పు కనపడలేదు. ఇది శాస్త్రవేత్తల పరీక్ష కాదు. కానీ ట్యాంకు మూడోసారి దించకుండా కాపాడే పరీక్ష. ప్యాకెట్ మీద రబ్బరు పేరు లేనప్పుడు ఇంతకన్నా దారి లేదు.

ఇక బిగించడం. ట్యాంకు రంధ్రం అంచు మీద సన్నగా తుప్పు పట్టి ఉంది. వేలు పెట్టి తడిమితే రంపపు పళ్లలా తగిలింది. కొత్త సీలు వేస్తే ఆ పళ్లు దాన్ని కోసేస్తాయి. బాబాయ్ రంధ్రంలో గుడ్డ కుక్కి, సన్న ఎమరీ కాగితంతో చేత్తోనే రుద్ది, అంచు నున్నగా అయ్యాక గుడ్డను పొడితో సహా జాగ్రత్తగా బయటకు లాగాడు. గుడ్డ లోపల పడిపోకుండా దాని కొసను దారంతో కట్టాడు. ముందు సీలును రంధ్రంలో కూర్చోబెట్టాలి. దాని గాడి రేకు అంచును చుట్టూ పట్టుకుందో లేదో వేలితో ఒక చుట్టు తిప్పి చూడాలి. తర్వాత వాల్వు మెడకు శుభ్రమైన పెట్రోలు చుక్క రాసి, మెలితిప్పకుండా, రెండు బొటనవేళ్లతో నిటారుగా నొక్కాలి. సరిగ్గా దిగినప్పుడు చిన్న కుదుపు వేళ్లకు తెలుస్తుంది. సీలు వదులుగా ఉందని సిలికాన్ గమ్ము పూసేవాళ్లున్నారు. పెట్రోలుకు ఆ గమ్ము మెత్తబడి, ఊడి, ట్యాంకులో పడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. సరైన సీలుకు గమ్ము అక్కర్లేదు, గమ్ము కావలసి వచ్చిందంటే అది సరైన సీలు కాదు.

వాల్వులు పాతవే వాడాలా, కొత్తవి వేయాలా అన్నది ఊది చూసి తేల్చుకోవచ్చు. అయితే పెట్రోలు తడితో ఉన్నదాన్ని నోట్లో పెట్టుకోకూడదు. రెండు రోజులు ఆరుబయట ఆరబెట్టి, శుభ్రమైన గొట్టం ముక్క తగిలించి ఊదాం. నిటారుగా పట్టుకుంటే గాలి హాయిగా పోవాలి, తలకిందులు చేస్తే టక్కున ఆగిపోవాలి. కుడి వాల్వు రెండూ చేసింది. ఎడమ వాల్వు ఎలా పట్టుకున్నా గాలి పోనిచ్చింది. చెవి దగ్గర పెట్టి ఊపితే కుడిదానిలో గుండు గలగలమంది, ఎడమదానిలో చప్పుడే లేదు. జిగురులా పేరుకున్న పాత పెట్రోలు మడ్డిలో గుండు అతుక్కుపోయింది. కడిగితే కదిలేదేమో. కానీ బండి పల్టీ కొట్టిన రోజు పనిచేస్తుందో లేదో తెలియని వాల్వును తిరిగి పెట్టడానికి మనసు ఒప్పలేదు. రెండూ కొత్తవే వేశాం.

గొట్టాల గురించి కొంచెం. ట్యాంకు దించిన రోజునే అన్నీ మార్చేయాలి, మళ్లీ ఆ శ్రమ ఎవరూ పడలేరు. గొట్టం మీద ముద్రించిన అక్షరాలు చదవండి. ఎస్‌ఏఈ జె30ఆర్9 (SAE J30R9, వాహన ఇంజనీర్ల సంఘం పెట్టిన ప్రమాణం) అని ఉంటే అది ఇంధన ఇంజెక్షన్ ఒత్తిడికి, అంటే ఇంజనులోకి పెట్రోలును చిమ్మే ఒత్తిడికి, తట్టుకునే రకం. ఆర్7 తక్కువ ఒత్తిడి రకం, ఆవిరి దారులకు సరిపోతుంది. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే గొట్టం ముక్కకు మాత్రం ఆర్10 రకమే వాడాలి. మిగతావి బయటి వైపు నుంచి నానడానికి తయారు చేసినవి కావు. ఏ ముద్రా లేని నల్ల గొట్టం ఎంత చౌకైనా వద్దు. పళ్లున్న మామూలు క్లిప్పులు సన్న గొట్టాన్ని కోస్తాయి, అంచులు మడిచిన నున్నటి పట్టీ క్లిప్పులు వాడండి. ప్లాస్టిక్ ముక్కు మీద క్లిప్పును బలం కొద్దీ బిగించవద్దు. గొట్టం కదలకపోతే చాలు.

ట్యాంకు పైకెత్తే ముందే బాబాయ్ పరీక్ష చేశాడు. అన్ని నోళ్లూ మూసి, ఒక్క గొట్టానికి చేతి పంపు తగిలించి రెండు మూడు నెమ్మది తోపులు, అంతే. సీళ్ల చుట్టూ, క్లిప్పుల దగ్గరా సబ్బు నీళ్లు పూశాడు. ఒక క్లిప్పు దగ్గర ఆవగింజంత బుడగలు లేచాయి. అర చుట్టు బిగిస్తే ఆగాయి. వర్క్‌షాపు కంప్రెసర్ గాలి పెట్టకూడదని మరీ మరీ చెప్పాడు. పెడితే ట్యాంకు అతుకులు విచ్చిపోతాయి.

బండిలో ఇంజను దగ్గర నల్లటి బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది, దాని సంగతీ చెప్పాలి. వెంట్ గొట్టాల ఆవిరి గాలిలో కలవకుండా అందులోని ఉత్తేజిత బొగ్గు పట్టి ఉంచుతుంది, నడిచేటప్పుడు ఇంజను ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. ఒకప్పుడు ఈ ఆవిరి నేరుగా గాలిలోకే పోయేది. 1970లో కాలిఫోర్నియా, 1971లో అమెరికా అంతటా దాన్ని అదుపు చేయాలని నిబంధన వచ్చాక ఈ డబ్బాలు మామూలయ్యాయి. బంకులో గన్ను టక్కుమని ఆగాక ఇంకో అర లీటరు అనో, రూపాయల లెక్క సరిచేద్దామనో పోయిస్తే ఆ పెట్రోలు ఆవిరి దారుల్లోకి ఎక్కి బొగ్గును తడిపేస్తుంది. తడిసిన బొగ్గు ఇక పనిచేయదు. అలాగే, ట్యాంకు ఖాళీగా ఉండగానే గన్ను మాటిమాటికీ ఆగిపోతోందంటే బంకు కుర్రాణ్ని విసుక్కోకండి. లోపలి గాలి బయటకు పోయే దారి మూసుకుపోయిందని అర్థం. వెంట్ గొట్టాలు చూపించుకోండి. మా బండి బోల్టు రోజుల్లో ఆ లక్షణమూ చూపించింది, నేను కుర్రాణ్ని విసుక్కున్నాను.

పని అయ్యాక మొదట పావు ట్యాంకు, మర్నాడు సగం, ఆ మర్నాడు గన్ను ఆగేదాకా కొట్టించాను. ఎండలో నాలుగు గంటలు ఆపాను. తలుపు తీశాను. పాత సీటు గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. కింద దూరి టార్చి వేసి ఎడమ అంచు తడిమాను. దుమ్ము పొడిగా ఉంది. కుడి మలుపులు వెతుక్కుని మరీ తిరిగాను. ఆరు నెలలయింది, ట్యాంకు ఎప్పుడు నిండుగా కొట్టించినా అంతే.

అమ్మను ఒప్పించడానికి వారం పట్టింది. మొదటిసారి ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించుకుని, చేతిలో కవరు పట్టుకుని కూర్చుంది. గంట దాటాక అద్దం తనే పైకి ఎత్తుకుంది. కవరు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ రోజు నుంచి మళ్లీ నా పక్క సీటు ఆమెదే.

సంపాదక మహాశయా, మీకు రెండు విన్నపాలు. ఆ పాఠకుడికి ఇచ్చిన జవాబును సవరించండి. పాత బండిలో పెట్రోలు వాసన వస్తే, అది నిండు ట్యాంకు రోజునే వచ్చినా సరే, ట్యాంకు పైభాగపు వాల్వులు, సీళ్లు, గొట్టాలు చూడమని రాయండి. గాలి గొట్టానికి బిరడా పెట్టవద్దని పెద్ద అక్షరాల్లో వేయండి. మీ పేజీ చదివి అదే పని చేసే మెకానిక్‌లు కూడా ఉన్నారు. రెండోది, ఇంధన భాగాల రబ్బరు సీళ్లు అమ్మేవాళ్లు ప్యాకెట్ మీద రబ్బరు రకం పేరు ముద్రించాలన్న మాటను మీరు ఒకసారి ఎత్తండి. నైట్రైల్ అనో, ఎఫ్‌కేఎం అనో ఒక్క పదం. తినే వస్తువుల ప్యాకెట్ మీద ఏముందో రాయాలని అడుగుతాం. పెట్రోలును ఆపే రింగు మీద రాయమని అడగడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

ఉబ్బిన రింగును, ఉబ్బని రింగును పక్కపక్కన పెట్టి, కింద వెర్నియర్ పెట్టి తీసిన ఫొటో నా దగ్గర ఉంది. విరిగిన పాత సీలు మూడు ముక్కల ఫొటో కూడా. మీ పేజీలో వేస్తామంటే పంపుతాను.

ఇట్లు,
పాత వ్యాను నడిపే మీ పాఠకురాలు